చెడిపోతున్న హార్డ్ డిస్క్ నుంచి ఆపరేటింగ్ సిస్టం తరలింపు

ఆరోగ్యంగా ఉన్న ఒక హార్డ్ డిస్క్ నుంచి మరొక డిస్క్‌కు ఆపరేటింగ్ సిస్టంను తరలించడం ఇవాళ పెద్ద పనేమీ కాదు; అందుకు ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, ఎక్కడైనా పొరపాటు జరిగితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే వీలూ ఉంది. అయితే మూల డిస్క్ చెడిపోవడం మొదలైన తరువాత ఈ పని స్వభావమే మారిపోతుంది, ఎందుకంటే అప్పుడు డిస్క్‌ను చదివే ప్రతి ప్రయత్నమూ దాని మిగిలిన ఆయుష్షులో కొంత ఖర్చు చేస్తుంది, ఇవాళ చదవగలిగిన భాగం రేపు కూడా చదవడానికి దొరుకుతుందన్న హామీ ఉండదు. ఆపరేటింగ్ సిస్టం అంటే ప్రాసెసర్, మెమరీ, డిస్క్, తెర, కీబోర్డు వంటి భాగాలన్నింటినీ నడిపిస్తూ, తక్కిన ప్రోగ్రాములు వాటిని వాడుకునే ఏర్పాటు చేసే మూల సాఫ్ట్‌వేర్. విండోస్, లినక్స్ ఈ కోవకు చెందినవే. అటువంటి మూల సాఫ్ట్‌వేర్‌ను, దానితో పాటు ఏళ్ల తరబడి అందులో అమర్చుకున్న ప్రోగ్రాములనూ, ప్రాణం మీదికి వచ్చిన డిస్క్ నుంచి ఎలా బయటికి తేవాలన్నది ఈ ప్రసంగంలోని విషయం.

హార్డ్ డిస్క్ లోపల ఏం జరుగుతుందో తెలియకపోతే ఈ పనిలో పాటించవలసిన జాగ్రత్తలకు కారణం బోధపడదు. 1956లో ఐబీఎం సంస్థ రామాక్ 305 అనే కంప్యూటర్‌తో పాటు ప్రవేశపెట్టిన మొట్టమొదటి హార్డ్ డిస్క్‌లో 24 అంగుళాల వ్యాసం గల పళ్లేలు 50 ఉండేవి. అంత భారీ యంత్రం దాచగలిగినవి 50 లక్షల అక్షరాలు మాత్రమే. ఆ తరువాత పరిమాణం అరచేతిలో ఇమిడేంతగా కుంచించుకుపోయినా, సామర్థ్యం లక్షల రెట్లు పెరిగినా మూల సూత్రం మాత్రం మారలేదు. ప్లాటర్లు అని పిలిచే అల్యూమినియం లేదా గాజు పళ్లేల మీద అయస్కాంత పూత ఉంటుంది. అవి సాధారణంగా నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతూ ఉండగా, హెడ్ అనే అతి చిన్న భాగం వాటి ఉపరితలానికి కొన్ని నానోమీటర్ల ఎత్తున గాలి పొర మీద తేలుతూ సమాచారాన్ని చదువుతుంది, రాస్తుంది. నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లవ వంతు. 7200 చుట్ల వేగంతో తిరిగే మూడున్నర అంగుళాల డిస్క్‌లో ప్లాటర్ అంచు గంటకు 120 కిలోమీటర్లకు పైగా వేగంతో హెడ్ కింద నుంచి దూసుకుపోతుంది కనుక, ఆ స్థితిలో హెడ్ ఉపరితలాన్ని తాకితే అయస్కాంత పూత గీసుకుపోవడమే కాక, రాలిన పొడి లోపలే తిరుగుతూ మరిన్ని గీతలకు కారణమవుతుంది. హెడ్ క్రాష్ అని పిలిచేది దీన్నే.

ప్లాటర్ మీద సమాచారం సెక్టార్లు అనే సమాన ఖండాలుగా ఉంటుంది. పాత డిస్క్‌లలో ఒక్కొక్క సెక్టారులో 512 బైట్లు పట్టేవి, 2010 తరువాత వచ్చిన డిస్క్‌లలో ఎక్కువగా 4096 బైట్లు పడతాయి. ఈ రెండో లెక్కన ఒక టెరాబైట్ డిస్క్‌లో సుమారు 24 కోట్ల సెక్టార్లు ఉంటాయి. ప్రతి సెక్టారుతో పాటు దోష సవరణ సంకేతం కూడా నమోదై ఉంటుంది కనుక చదవడంలో వచ్చే చిన్న చిన్న పొరపాట్లను డిస్క్ తనంతట తానే దిద్దుకుంటుంది, ఆ సంగతి బయటికి తెలియనే తెలియదు. దిద్దుకోలేనంతగా సెక్టారు దెబ్బతిన్నప్పుడు మాత్రం ప్లాటర్ ఇంకొక చుట్టు తిరిగి వచ్చేదాకా ఆగి మళ్లీ చదువుతుంది, హెడ్‌ను వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి మళ్లీ చదువుతుంది, అప్పటికీ ఫలితం లేకపోతే ఇంకొకసారి, ఇంకొకసారి ప్రయత్నిస్తుంది. ఇళ్లలోనూ చిన్న కార్యాలయాల్లోనూ వాడే డిస్క్ ఇలా ఒక్క సెక్టారు కోసం పదేసి సెకన్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ సమయం కూడా వెచ్చించగలదు. 7200 వేగం గల డిస్క్‌లో పది సెకన్లంటే 1200 చుట్లు. తెర ముందు కూర్చున్న మనిషికి ఈ పోరాటమేదీ కనిపించదు. మౌస్ కదలకపోవడం, ఫోల్డరు తెరుచుకోకపోవడం, విండోస్ మొదలుకావడానికి పావుగంట పట్టడం మాత్రమే కనిపిస్తాయి. సిస్టం స్లో అయిందని వైరస్ కోసం వెతికే చాలా సందర్భాలలో అసలు కారణం ఇదే అయి ఉంటుంది.

డిస్క్ తయారీలోనే కొన్ని అదనపు సెక్టార్లను పక్కన పెట్టి ఉంచుతారు. చదవడానికి లొంగని సెక్టారును డిస్క్ ముందుగా అనుమానితుల జాబితాలో చేర్చుతుంది. తరువాత ఎప్పుడైనా ఆ చోట కొత్త సమాచారం రాయవలసి వచ్చినప్పుడు దాన్ని పరీక్షించి, పనికిరాదని తేలితే దాని చిరునామాను ఒక అదనపు సెక్టారుకు బదిలీ చేస్తుంది. ఈ ఏర్పాటు డిస్క్ మన్నికకు మంచిదే కాని, అందులోని పాత సమాచారం దృష్ట్యా చూస్తే చాలా ప్రమాదకరమైనది, ఎందుకంటే అనుమానిత సెక్టారు మీద ఏదైనా రాసిన మరుక్షణం, ఇంకొంత ఓపికగా ప్రయత్నిస్తే దక్కి ఉండే పాత సమాచారం శాశ్వతంగా పోతుంది. చెడిపోతున్న డిస్క్ మీద ఏమీ రాయకూడదన్న నియమానికి మూలం ఇక్కడే ఉంది.

ఈ బదిలీలను, అనుమానిత సెక్టార్లను డిస్క్ లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. స్మార్ట్ అనే స్వీయ పరిశీలన వ్యవస్థ 1990ల నుంచి హార్డ్ డిస్క్‌లలో ఉంది. విండోస్‌లో క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో, లినక్స్‌లో స్మార్ట్‌మాన్‌టూల్స్ వంటి ఉచిత సాధనాలతో ఆ అంకెలను ఎవరైనా చూడవచ్చు. అందులో ఐదో వరుస బదిలీ అయిన సెక్టార్ల సంఖ్యను, 197వ వరుస ప్రస్తుతం అనుమానంలో ఉన్న సెక్టార్ల సంఖ్యను, 198వ వరుస దిద్దడానికి వీలుకాని సెక్టార్ల సంఖ్యను చూపుతాయి. 199వ వరుస మాత్రమే పెరుగుతూ తక్కినవి సున్నాగా ఉంటే లోపం చాలాసార్లు డిస్క్‌లో కాక దాన్ని మదర్‌బోర్డుకు కలిపే కేబుల్‌లో ఉంటుంది కాబట్టి, కొద్దిపాటి ఖర్చుతో పోయేదానికి కొత్త డిస్క్ కొనవలసిన అవసరం రాదు. అయితే ఈ అంకెల మీద అతి నమ్మకం కూడా పనికిరాదు. గూగుల్ సంస్థకు చెందిన ఎడ్వర్డో పిన్‌హేరో, వోల్ఫ్ డీట్రిచ్ వెబర్, లూయిజ్ ఆంద్రే బరోసో లక్షకు పైగా డిస్క్‌లను పరిశీలించి 2007లో వెలువరించిన అధ్యయనంలో రెండు ముఖ్యమైన సంగతులు బయటపడ్డాయి. ఉపరితల పరిశీలనలో మొదటి దోషం కనిపించిన డిస్క్, ఏ దోషమూ లేని డిస్క్ కన్నా, ఆ తరువాతి 60 రోజుల్లో విఫలమయ్యే అవకాశం 39 రెట్లు ఎక్కువ అన్నది మొదటిది. విఫలమైన డిస్క్‌లలో 56 శాతానికి పైగా, స్మార్ట్‌లోని నాలుగు బలమైన సంకేతాలలో ఒక్కటి కూడా చూపించకుండానే పోయాయన్నది రెండోది. అంటే స్మార్ట్ ప్రమాదం ఉందని చెబితే వెంటనే నమ్మాలి, లేదని చెబితే మాత్రం నిశ్చింతగా ఉండకూడదు.

ఇటువంటి డిస్క్‌ను చూడగానే చాలామందికి మొదట తోచేది దాన్ని బాగుచేయాలని. విండోస్‌లోని చెక్ డిస్క్ సాధనాన్ని నడపడం, ఫైళ్ల ముక్కలను ఒకచోట చేర్చే డీఫ్రాగ్‌మెంట్ మొదలుపెట్టడం, డిస్క్ మొత్తాన్ని యాంటీవైరస్‌తో వెతికించడం ఇందుకోసమే. చెక్ డిస్క్ నిజానికి చెడ్డ సాధనం కాదు. డిస్క్ భౌతికంగా సవ్యంగా ఉండి, ఫైళ్ల పట్టికలు మాత్రమే తారుమారైనప్పుడు అది చక్కగా పనిచేస్తుంది. కాని పళ్లెం మీది సెక్టార్లే చదవలేని స్థితిలో ఉన్నప్పుడు అది గంటల తరబడి హెడ్‌ను పరుగులు పెట్టించి, చదవలేకపోయిన పట్టికలను లేనివిగా భావించి తిరగరాసి, అప్పటివరకు పేరుతో సహా కనిపిస్తున్న ఫైళ్లను కూడా మాయం చేయగలదు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఈ సందర్భానికి అక్షరాలా వర్తిస్తుంది. డిస్క్‌ను ఫ్రిజ్‌లో పెడితే కొంతసేపు పనిచేస్తుందన్న మాట కూడా ప్రచారంలో ఉంది. కాని చల్లబడిన డిస్క్‌ను బయటికి తీయగానే లోపలా బయటా తేమ చేరి, మిగిలిన కాస్త అవకాశాన్నీ పోగొడుతుంది. మూత విప్పి చూడటం అంతకన్నా ప్రమాదం, ఎందుకంటే కొన్ని నానోమీటర్ల ఎత్తున తేలే హెడ్‌కు గదిలోని మామూలు ధూళి కణం కూడా బండరాయంత అడ్డంకి. టక్కు టక్కుమనే చప్పుడు వినిపిస్తున్నా, డిస్క్ తిరగడం మొదలుపెట్టి ఆగిపోతున్నా ఇంటి దగ్గర చేయదగిన పని ఏమీ లేదు. అందులో ఉన్నది విలువైనదైతే కరెంటు తీసివేసి, ధూళి లేని ప్రత్యేక గది ఉన్న డేటా రికవరీ నిపుణులకు అప్పగించాలి. ఇక్కడి నుంచి చెప్పబోయేదంతా ఇంకా తిరుగుతూ, నెమ్మదిగానైనా స్పందిస్తున్న డిస్క్‌కు మాత్రమే వర్తిస్తుంది.

పని మొదలుపెట్టే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఆపరేటింగ్ సిస్టంను నిజంగా తరలించవలసిన అవసరం ఉందా? విండోస్‌నైనా లినక్స్‌నైనా కొత్త డిస్క్ మీద మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. ఫొటోలు, ఉత్తరాలు, లెక్కల ఫైళ్లు అలా మళ్లీ తెచ్చుకోగలిగినవి కావు. అందువల్ల సొంత ఫైళ్లు కొద్దిగానే ఉండి, వాడే ప్రోగ్రాములన్నీ ఇప్పటికీ దొరికేవే అయితే, డిస్క్‌కు మిగిలిన శక్తిని ఆ ఫైళ్లను కాపీ చేసుకోవడానికే వినియోగించి, ఆపరేటింగ్ సిస్టంను కొత్తగా అమర్చుకోవడమే తెలివైన పని. సిస్టం ఎలా ఉన్నదలా కావాలన్న పట్టుదల కొద్దీ ముందుగా 100 గిగాబైట్ల విండోస్ ఫైళ్లను లాగుతూ కూర్చుంటే, పిల్లల ఫొటోలున్న భాగానికి చేరేలోపు డిస్క్ చేతులెత్తేయవచ్చు.

అయితే మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవడం కుదరని కంప్యూటర్లు కూడా ఉన్నాయి, తెలుగు ప్రాంతాల డీటీపీ కేంద్రాలు ఇందుకు మంచి ఉదాహరణ. శుభలేఖలు, కరపత్రాలు, ఆహ్వాన పత్రికలు మొదలుకొని కథల సంపుటాలు, పరిశోధన గ్రంథాల దాకా ఎంతో తెలుగు ముద్రణ అడోబ్ పేజ్‌మేకర్‌లో, అను స్క్రిప్ట్ మేనేజర్ ఫాంట్లతో జరిగింది. పేజ్‌మేకర్ 2001లో వచ్చిన 7.0 తోనే ఆగిపోయింది. ఆ ఫాంట్లతో కూర్చిన పాఠం ప్రపంచమంతటా అంగీకరించిన యూనికోడ్ పద్ధతిలో ఉండదు కనుక, ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగుకు బదులు పొంతన లేని లాటిన్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. ఇన్‌స్టాలేషన్ సీడీ ఎప్పుడో గీతలు పడి పోయి ఉంటుంది, ఆనాడు అమర్చిన సాంకేతిక నిపుణుడు ఊరు విడిచి ఉంటాడు, ప్రింటరు డ్రైవరు పాత విండోస్‌కు తప్ప దేనికీ దొరకదు. ఇలాంటి యంత్రంలో ఆపరేటింగ్ సిస్టం, ప్రోగ్రాములు, ఫాంట్లు, అమరికలు అన్నీ కలిసి ఒక్కటే వస్తువు. దాన్ని విడదీయకుండా ఉన్నదున్నట్లుగా కొత్త డిస్క్ మీదికి తేవడం తప్ప వేరే దారి ఉండదు. ఆసుపత్రులలో స్కానింగ్ యంత్రాలను నడిపే పాత కంప్యూటర్లకు, కర్మాగారాలలో లేతు యంత్రాలను నడిపే వాటికి కూడా ఈ మాటే వర్తిస్తుంది.

ఉన్నదున్నట్లుగా తేవడమంటే ఫైళ్లన్నింటినీ ఎంచుకుని కాపీ చేయడం అనుకుంటే మొదటికే మోసం వస్తుంది. సీ డ్రైవ్‌లోని ప్రతి ఫైలునూ కొత్త డిస్క్ మీదికి చేర్చినా కంప్యూటర్ దాని నుంచి బూట్ కాదు, ఎందుకంటే కంప్యూటర్‌ను మేల్కొలిపే ఏర్పాటు ఫైళ్ల జాబితాలో కనిపించని చోట ఉంటుంది. పాత పద్ధతిలో విభజించిన డిస్క్‌లో మొట్టమొదటి 512 బైట్ల సెక్టారును మాస్టర్ బూట్ రికార్డు అంటారు. అందులో 446 బైట్లు కంప్యూటర్ మొదలైనప్పుడు నడిచే చిన్న ప్రోగ్రాముకు, 64 బైట్లు పార్టిషన్ల పట్టికకు, చివరి 2 బైట్లు ఇది బూట్ సెక్టారేనని చెప్పే గుర్తుకు కేటాయించి ఉంటాయి. పార్టిషన్ అంటే డిస్క్‌లో ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఆ పట్టికలో రాసి ఉన్న భాగం. సీ డ్రైవ్, డీ డ్రైవ్ అని వ్యవహరించేవి ఇవే. ఈ పద్ధతిలో 512 బైట్ల సెక్టార్ల లెక్కన రెండు టెరాబైట్లకు మించిన డిస్క్‌ను పూర్తిగా వాడుకోవడం సాధ్యం కాకపోవడంతో, జీపీటీ అనే కొత్త పట్టిక వాడుకలోకి వచ్చింది. అది డిస్క్ మొదట్లో ఒక ప్రతిని, డిస్క్ చిట్టచివర మరొక ప్రతిని ఉంచుతుంది, బూట్ ఫైళ్ల కోసం ఈఎఫ్ఐ సిస్టం పార్టిషన్ అనే చిన్న విభాగం వేరుగా ఉంటుంది. వీటికి తోడు ప్రతి డిస్క్‌కూ, ప్రతి పార్టిషన్‌కూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది, ఆపరేటింగ్ సిస్టం తన ఇంటిని ఆ సంఖ్యను బట్టే గుర్తుపడుతుంది. అందుచేత తరలింపు ఫైళ్ల స్థాయిలో కాక సెక్టార్ల స్థాయిలో, మొదటి సెక్టారు నుంచి చివరి సెక్టారు దాకా జరగాలి. దీన్నే క్లోన్ చేయడం అంటారు. అదే ప్రతిని నేరుగా డిస్క్ మీదికి కాక ఒక పెద్ద ఫైలుగా దాచుకుంటే ఇమేజ్ అంటారు.

ఆరోగ్యవంతమైన డిస్క్‌కైతే తైవాన్ లోని జాతీయ హై పెర్ఫార్మెన్స్ కంప్యూటింగ్ కేంద్రంలో రూపొందిన క్లోన్‌జిల్లా వంటి సాధనం చాలు. రోగగ్రస్తమైన డిస్క్‌కు కావలసింది వేరు. మామూలు కాపీ సాధనం మొదటి చెడ్డ సెక్టారు దగ్గరే ఆగిపోతుంది, లేదా దాన్నే పట్టుకుని వేలాడుతుంది. లెక్క చూస్తే ఇందులోని నష్టం తెలుస్తుంది: సెకనుకు 100 మెగాబైట్ల వేగంతో ఒక టెరాబైట్ డిస్క్‌ను మొత్తం చదవడానికి మూడు గంటల లోపే చాలు, కాని 24 కోట్ల సెక్టార్లలో కేవలం 1000 చెడిపోయి, ఒక్కొక్కదాని దగ్గర డిస్క్ పది సెకన్లు పెనుగులాడితే, ఆ వెయ్యింటికే మరో మూడు గంటలు పడతాయి, పైగా ఆ మూడు గంటలూ డిస్క్ తీవ్రమైన శ్రమలో ఉంటుంది. మంచి సెక్టార్లు ఇంకా కోట్లలో మిగిలి ఉండగా చెడ్డవాటి మీద ఆ శక్తిని ఖర్చు చేయడం ఏ విధంగా చూసినా తప్పే.

స్పెయిన్‌కు చెందిన ఆంటోనియో డియాజ్ డియాజ్ 2004లో మొదటగా విడుదల చేసిన గ్నూ డీడీరెస్క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ ఆలోచన మీదే నిర్మితమైంది. అది మొదటి విడతలో పెద్ద పెద్ద ఖండాలుగా చదువుతూ పోయి, దోషం తగిలిన వెంటనే ఆ ప్రాంతాన్ని వదిలిపెట్టి ముందుకు దూకుతుంది. మళ్లీ దోషం తగిలితే ఇంకా పెద్ద దూకుడు వేస్తుంది. ఆ తరువాత వెనుక నుంచి ముందుకు చదువుతూ వచ్చి, వదిలేసిన ప్రాంతాలను రెండు వైపుల నుంచీ కుదిస్తుంది. తేలికగా దక్కేదంతా దక్కిన తరువాతనే అది చెడ్డ ప్రాంతాల అంచులను ఒక్కొక్క సెక్టారుగా తడుముతుంది, ఆ తరువాత వాటి మధ్యభాగాన్ని గీకుతుంది, చిట్టచివరికి, అడిగితేనే, విఫలమైన వాటిని పదేపదే ప్రయత్నిస్తుంది. ఈ మొత్తం చరిత్రను మ్యాప్ ఫైలు అనే చిన్న పాఠ్య ఫైలులో రాసుకుంటూ పోతుంది. అందులో కూడిక గుర్తు ఉన్న వరుసలు దక్కిన ప్రాంతాలు, తీసివేత గుర్తు ఉన్నవి చెడ్డ సెక్టార్లు, ప్రశ్నార్థకం ఉన్నవి ఇంకా ముట్టుకోనివి. కరెంటు పోయినా, డిస్క్ వేడెక్కి ఆపవలసి వచ్చినా, మరునాడు అదే మ్యాప్ ఫైలుతో మొదలుపెడితే ఆగిన చోటి నుంచి పని సాగుతుంది, దక్కినదాన్ని మళ్లీ చదవదు. ఈ చిన్న ఫైలు లేకుండా డీడీరెస్క్యూను నడపడం దాని ప్రయోజనంలో సగాన్ని చేజేతులా వదులుకోవడమే. ఆ ఫైలును చెడిపోతున్న డిస్క్ మీద కాక వేరే పెన్ డ్రైవ్‌లో ఉంచాలని వేరుగా చెప్పనక్కరలేదు.

ఆచరణలో పని సాగే తీరు ఇది. పాత డిస్క్ నుంచి కంప్యూటర్‌ను బూట్ చేయకూడదు, ఎందుకంటే విండోస్ మొదలైతే చాలు, వాడుకరి ఏమీ చేయకపోయినా లాగ్‌లు, తాత్కాలిక ఫైళ్లు రాస్తూనే ఉంటుంది. అందువల్ల పెన్ డ్రైవ్ నుంచి నేరుగా నడిచే లినక్స్‌తో కంప్యూటర్‌ను ప్రారంభించి, పాత డిస్క్‌లోని పార్టిషన్లను తెరవకుండా ఉంచి, కొత్త డిస్క్‌ను జతచేయాలి. కొత్త డిస్క్ సామర్థ్యం పాతదానితో సమానంగానైనా ఉండాలి, ఎక్కువైతే మంచిది. ఒక్క సెక్టారు తక్కువైనా జీపీటీ చివరి ప్రతికి చోటు దొరకదు. వీలైతే రెండింటినీ మదర్‌బోర్డు మీది సాటా తీగలకే కలపాలి, ఎందుకంటే యూఎస్‌బీ అడాప్టర్లతో కలిపితే చెడ్డ సెక్టారు తగిలినప్పుడు సంబంధం తరచు తెగిపోతుంటుంది. ఇన్వర్టర్ గాని యూపీఎస్ గాని ఉండటం మేలు, డిస్క్ మీదికి ఫ్యాను గాలి తగిలేటట్లు చూసుకోవడం ఇంకా మేలు. అన్నిటికన్నా ముఖ్యమైనది దిశ: ఏది మూలం, ఏది గమ్యం అన్నది తారుమారైతే ఖాళీ డిస్క్‌లోని శూన్యం పాత డిస్క్ మీదికి ఎక్కుతుంది, ఆ తప్పుకు విరుగుడు లేదు. గమ్యం ఒక డిస్క్ అయినప్పుడు వేరుగా అనుమతి ఇస్తే తప్ప డీడీరెస్క్యూ రాయడానికి నిరాకరించడం ఈ ప్రమాదాన్ని దృష్టిలో పెట్టుకునే. డిస్క్‌ల పేర్లను నమ్మకుండా, వాటి మీద ముద్రించి ఉన్న సీరియల్ నంబర్లను తెర మీది నంబర్లతో సరిపోల్చుకున్న తరువాతనే ఆ అనుమతి ఇవ్వాలి.

కాపీ ముగిసిన తరువాత చదవలేకపోయిన సెక్టార్ల చోట కొత్త డిస్క్‌లో ఖాళీలు మిగులుతాయి. ఆ ఖాళీలు ఎవరూ వాడని చోట పడితే నష్టం లేదు, ఒక ఫాంటు ఫైలు మధ్యలో పడితే ఆ ఫాంటు పనిచేయదు. ఏ ఫైళ్లు దెబ్బతిన్నాయో తెలుసుకోవడానికి డీడీరెస్క్యూలోనే చక్కని ఉపాయం ఉంది: మ్యాప్ ఫైలు ఆధారంగా ఆ ఖాళీలలో ఒక గుర్తు మాటను నింపించి, ఆ తరువాత డిస్క్‌లోని ఫైళ్లన్నింటిలో ఆ మాట కోసం వెతికిస్తే దెబ్బతిన్న ఫైళ్ల పేర్లు బయటపడతాయి. చెక్ డిస్క్‌ను ఇప్పుడు, ఈ కొత్త డిస్క్ మీద నడపాలి. పాత డిస్క్ మీద ప్రాణాంతకమైన ఆ సాధనమే ఇక్కడ నిక్షేపంగా ఉపయోగపడుతుంది, ఎందుకంటే అది ఇక్కడ ఏదైనా పాడుచేసినా పాత డిస్క్ మీద ఏమీ రాయదు. విండోస్ సొంత ఫైళ్లను సరిచూసి, చెడిపోయిన వాటి స్థానంలో మంచివి చేర్చే సిస్టం ఫైల్ చెకర్ పని కూడా దీని తరువాతిదే.

కొత్త డిస్క్‌ను మొదటిసారి బూట్ చేసేటప్పుడు పాత డిస్క్ తీగను తప్పనిసరిగా తీసివేయాలి. రెండింటి గుర్తింపు సంఖ్యలూ ఒక్కటే అయినందువల్ల విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పడేస్తుంది, లినక్స్ అయితే ఏ డిస్క్‌ను తనదిగా ఎంచుకుంటుందో చెప్పలేము. కొత్తదాని మీద పనిచేస్తున్నామనుకుంటూ పాతదాని మీదే రాస్తూ పోయే ప్రమాదం ఉంది. కొత్త డిస్క్ పెద్దదైతే, జీపీటీ రెండో ప్రతి డిస్క్ చివర కాక మధ్యలో ఎక్కడో ఉండిపోతుంది కనుక దాన్ని చివరికి జరపాలి, ఆ తరువాతనే పార్టిషన్‌ను పెంచుకోవాలి. బూట్ ఏర్పాటే దెబ్బతిని ఉంటే విండోస్ ఇన్‌స్టాలేషన్ పెన్ డ్రైవ్‌లోని మరమ్మతు విభాగం దాన్ని మళ్లీ రాయగలదు. నీలి తెర మీద 7బీ అనే దోషం కనిపిస్తే అది డిస్క్‌ను చేరే డ్రైవరు విండోస్‌కు దొరకలేదన్న సూచన. బయోస్‌లో డిస్క్ నియంత్రణ పద్ధతిని ఇంతకుముందు ఎలా ఉందో అలాగే పెడితే ఆ దోషం చాలావరకు తొలగిపోతుంది. డిస్క్‌ను బిట్‌లాకర్ రహస్య సంకేతంతో భద్రపరిచి ఉంటే దాని 48 అంకెల రికవరీ కీ ముందుగానే చేతిలో ఉండాలి, అది లేకుండా ఎంత నిఖార్సైన ప్రతి అయినా తెరుచుకోదు.

గమ్యంగా తిరిగే పళ్లేలు లేని ఎస్ఎస్‌డీని ఎంచుకుంటే పాత కంప్యూటర్ వేగం ఎంతో పెరుగుతుంది, అయితే విండోస్ ఎక్స్‌పీ కాలం నాటి పార్టిషన్లు 63వ సెక్టారు దగ్గర మొదలవడం వల్ల ఎస్ఎస్‌డీ లోపలి ఖండాలతో వాటి హద్దులు కలవవు. విస్టా నుంచి మైక్రోసాఫ్ట్ ఈ మొదలును 2048వ సెక్టారుకు మార్చింది. పాత పార్టిషన్‌ను ఆ హద్దుకు జరిపే సాధనాలు ఉన్నాయి, కాని ఆ పని కూడా ప్రతి మీదే చేయాలి. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లో, విండోస్ 7కు 2020 జనవరిలో, విండోస్ 10కి 2025 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ సాధారణ భద్రతా సహాయం ఆపివేసింది కనుక, ఇలా బతికించుకున్న పాత సిస్టంను ఇంటర్నెట్‌కు కలపకుండా ఉంచి, ఫైళ్లను వేరొక కంప్యూటర్ ద్వారా పంపుకోవడమే క్షేమం.

పాత డిస్క్‌ను వెంటనే పారవేయడం తొందరపాటు. దాని మీద తేదీ, లోపం రాసిన కాగితం అంటించి, కొన్ని నెలలపాటు పొడిచోట భద్రపరిస్తే, కొత్త డిస్క్‌లో ఏదైనా ఫైలు లేదని ఆలస్యంగా తెలిసినప్పుడు మిగిలే ఆధారం అదొక్కటే. చివరికి వదిలించుకునేటప్పుడు కూడా చెడిపోయిన డిస్క్‌లోని నూటికి తొంభై పాళ్లకు మించిన సమాచారం ఇతరులకు చదవడానికి అందేలా ఉండవచ్చునన్నది గుర్తుంచుకుని, ప్లాటర్లను పనికిరాకుండా చేసిన తరువాతనే, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనల ప్రకారం నమోదైన రీసైక్లింగ్ సంస్థలకు అందజేయాలి. డీటీపీ కేంద్రాల నిర్వాహకులకు, పాత ప్రోగ్రాముల మీద ఆధారపడి పనిచేస్తున్న చిన్న కార్యాలయాల వారికి ప్రత్యేకంగా ఒక విన్నపం: డిస్క్ ఇంకా సవ్యంగా తిరుగుతున్న ఈ రోజుల్లోనే, ఒక ఆదివారం వీలు చూసుకుని, సిస్టం మొత్తాన్ని క్లోన్‌జిల్లాతో ఇమేజ్‌గా తీసి వేరొక డిస్క్‌లో పెట్టుకోవాలి, ఆ ఇమేజ్ నిజంగా బూట్ అవుతుందో లేదో ఇంకొక డిస్క్ మీద ఒక్కసారైనా ఎక్కించి చూసుకోవాలి.